పాపకు నెలనెలా జలుబు, మామయ్యకు వదలని దగ్గు: ఎన్నాళ్ళు చూడొచ్చు, ఎప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్ళాలి?

ఓరుగల్లు కోడలు (హనుమకొండ)

అందరికీ నమస్కారం. మా పాపకు నాలుగేళ్ళు నిండాయి, జూన్‌లో ఎల్‌కేజీలో వేశాం. అప్పటినుంచి నెల తిరక్కుండానే సర్ది పట్టుకుంటోంది. మొదటి రెండు రోజులు ఒళ్ళు వెచ్చబడుతుంది, ముక్కు నీళ్ళలా కారుతుంది. తర్వాత చీమిడి చిక్కబడి పచ్చగా అవుతుంది. అది తగ్గిందనుకునేలోపు దగ్గు మొదలు. రాత్రి పడుకోగానే దగ్గి దగ్గి ఒక్కోసారి తాగిన పాలు కక్కేస్తుంది. పగలు మాత్రం బాగానే ఆడుకుంటుంది, తింటుంది. ఈసారి వీధి చివర మెడికల్ షాపులో అడిగితే మూడు సీసాలు చేతిలో పెట్టారు. అందులో ఒకటి యాంటీబయాటిక్ అట. ఇంకా మూత తియ్యలేదు.

ఇంట్లో మామయ్యగారికి అరవై ఎనిమిదేళ్ళు, బీపీ, షుగర్ ఉన్నాయి. దసరా అయ్యాక పాప దగ్గర్నుంచే ఆయనకూ అంటుకుంది. జలుబు పోయింది కానీ దగ్గు మూడో వారంలో పడింది. తెమడ ఏమీ రాదు, గొంతులో గరగరమని పొడిదగ్గు. "చలికాలం దగ్గు, అదే పోతుందిలే అమ్మా" అంటారు.

ఇక నాకు పొద్దున లేవగానే వరసబెట్టి తుమ్ములు, కళ్ళు దురద. ఎనిమిదింటికల్లా ఏమీ ఉండదు.

ముగ్గురిదీ ఒకటే జబ్బా? ఇంట్లో ఒకరి నుంచి ఒకరికి తిరుగుతోందా? చాలా టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్ళు చెప్పండి.

గోదారి అమ్మమ్మ (రాజోలు)

పడిశం పది రోగాల పెట్టు అని ఊరికే అనలేదమ్మా పెద్దవాళ్ళు. కంగారు పడకు. స్కూల్లో వేసిన మొదటి ఏడాది పిల్లలందరికీ ఇదే వరస. మా మనవలందరినీ చూశాను కదా.

పాపకు మిరియాల చారు కాస్త పల్చగా పెట్టి, వేడన్నంలో నెయ్యి వేసి పెట్టు. రాత్రి పడుకోబోయే ముందు చెంచాడు తేనె నాకించు. మీ మామయ్యగారికి కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకోమను, ఆ రసం మింగుతుంటే గొంతు గరగర సర్దుకుంటుంది. ఆయనకు శొంఠి కాఫీ కూడా ఇవ్వచ్చు, బెల్లం వెయ్యకు.

కౌంటర్ వెనక (తెనాలి)

నేను మెడికల్ షాపులోనే పని చేస్తాను, ఫార్మసిస్ట్‌ని. ముందు ఆ మూడు సీసాల మీద ఏం రాసుందో పేర్లు పెట్టండి. బ్రాండ్ పేరు కాదు, కింద చిన్న అక్షరాల్లో ఉండే మందు పేరు, దాని పక్కన మిల్లీగ్రాములు కావాలి. పాప బరువెంతో చెప్పండి. మీ మామయ్యగారు బీపీకి వేసుకునే బిళ్ళ పేరు కూడా. అది ఎందుకు అడుగుతున్నానో పేరు చూశాక చెప్తాను.

ఓరుగల్లు కోడలు

వెంటనే స్పందించినందుకు థాంక్స్ అన్నా, అమ్మమ్మగారూ మీకూ. పాప 15 కిలోలు.

ఒకటి పారాసెటమాల్, 5 ఎం.ఎల్.లో 250 ఎం.జి. రెండోది జలుబు సిరప్: క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్, పారాసెటమాల్ మూడూ కలిపి ఉన్నాయి. మూడోది అజిత్రోమైసిన్. మామయ్యగారి బిళ్ళ రామిప్రిల్. ఆగస్టులో మార్చారు, అంతకుముందు వేరేది వాడేవారు.

కౌంటర్ వెనక (తెనాలి)

అనుకున్నట్టే ఉంది. వరసగా చెప్తాను.

రెండో సీసాలో కూడా పారాసెటమాల్ ఉంది చూడండి. జ్వరానికని మొదటిది, జలుబుకని రెండోది వేస్తే ఒకే మందు రెండుసార్లు లోపలికి పోతుంది. మా కౌంటర్ దగ్గర రోజూ కనిపించే ప్రమాదం ఇదే. పెద్దవాళ్ళూ అంతే, జలుబు బిళ్ళ వేసుకుని దాని మీద డోలో 650 వేస్తారు. రెండింట్లోనూ ఉన్నది పారాసెటమాలే.

పిల్లలకు పారాసెటమాల్ లెక్క బరువును బట్టి, కిలోకు 10 నుంచి 15 ఎం.జి. మీ పాపకు ఒక మోతాదు 150 నుంచి 225 మధ్య. మీ దగ్గరున్న 250 సీసాలో అయితే 3 నుంచి 4.5 ఎం.ఎల్. అదే 120 సీసా అయితే కొలత రెట్టింపు అవుతుంది. చంటిపిల్లల డ్రాప్స్ అయితే ఒక్క ఎం.ఎల్.లోనే 100 ఎం.జి. ఉంటుంది. అందుకే "ఐదు ఎం.ఎల్. పట్టమన్నారు" అని పక్కింటివాళ్ళు చెప్పిన కొలత మీ సీసాకు పనికిరాదు. వంటింటి చెంచా వద్దు, సీసాతో వచ్చే కొలత మూతే వాడండి. మోతాదుకూ మోతాదుకూ మధ్య కనీసం నాలుగు గంటలుండాలి, రోజుకు నాలుగు మించకూడదు. జ్వరమో నొప్పో లేకపోతే అసలు వద్దు.

రెండో సీసా పక్కన పెట్టేయండి. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ కలిపిన మందును నాలుగేళ్ళలోపు పిల్లలకు వాడొద్దని లేబుల్ మీద రాయాలని 2023 డిసెంబరులో కేంద్ర డ్రగ్ కంట్రోలర్ ఆదేశించారు. మీ పాప ఆ వయసు ఇప్పుడే దాటింది, అయినా దానివల్ల వచ్చే లాభం లేదు. 2025 సెప్టెంబరు, అక్టోబరుల్లో మధ్యప్రదేశ్ ఛింద్వాడాలో కోల్డ్‌రిఫ్ అనే దగ్గు మందు తాగి పసిపిల్లలు కిడ్నీలు పాడై చనిపోయారు. అందులో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం కలిసింది. అప్పుడే కేంద్ర ఆరోగ్య శాఖ రెండేళ్ళలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయనే వద్దని, ఐదేళ్ళలోపు వాళ్ళకు మామూలుగా అవసరం లేదని రాష్ట్రాలకు చెప్పింది. సీసా అమ్మేవాడిగా చెప్తున్నాను, నా చేతులతో ఆ వయసు పిల్లలకు దగ్గు మందు ఇవ్వను.

మామయ్యగారి రామిప్రిల్ సంగతి: ఆ రకం బీపీ మందులతో కొంతమందికి సరిగ్గా ఇలాంటి పొడిదగ్గే వస్తుంది. మొదలుపెట్టిన వారాలకో నెలలకో రావచ్చు. ఆగస్టులో మార్చారంటున్నారు కాబట్టి అనుమానించాల్సిందే. కానీ సొంతంగా ఆపొద్దు, బీపీ పెరిగితే అది ఇంకా ప్రమాదం. రాసిన డాక్టరుకు దగ్గు గురించి చెప్పండి. అలా దగ్గు తెప్పించని వేరే రకం బిళ్ళలున్నాయి, ఆయనే మారుస్తారు.

ముక్కు-గొంతు డాక్టర్ (విశాఖ)

ఈఎన్‌టీలో ప్రాక్టీసు చేస్తున్నాను. ఫార్మసిస్ట్ గారు చెప్పినవన్నీ సరైనవే. నేను రోజుల లెక్క చెప్తాను, ఎందుకంటే మా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం కంగారు ఆ లెక్క తెలియకనే.

జలుబు తెప్పించే వైరస్‌లు రెండు వందలకు పైగా ఉన్నాయి. అందులో రైనోవైరస్‌ది పెద్ద వాటా. ఒకదానికి రోగనిరోధక శక్తి వచ్చినా మిగతావి వరసలో ఉంటాయి. అందుకే బడికి కొత్తగా వెళ్ళే పిల్లలకు ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది జలుబులు రావడం మామూలే, ఇంకొన్ని ఎక్కువైనా ఆశ్చర్యం లేదు. పెద్దవాళ్ళకు రెండో మూడో. పాప జలుబుకీ జలుబుకీ మధ్య పూర్తిగా కోలుకుంటూ, బరువు పెరుగుతూ ఉంటే "ఇమ్యూనిటీ లేదేమో" అనే భయం వదిలేయండి.

ఒక్కో జలుబు నడిచే తీరు ఇలా ఉంటుంది. వైరస్ సోకిన ఒకటి నుంచి మూడు రోజుల్లో గొంతు గరగర, తుమ్ములు. రెండో మూడో రోజున అన్నీ ఎక్కువవుతాయి. జ్వరం వస్తే సాధారణంగా ఆ రోజుల్లోనే వచ్చి పోతుంది. వారం, పది రోజుల్లో ముక్కు తేలికపడుతుంది. దగ్గు మాత్రం రెండు, మూడు వారాలు ఉండిపోవచ్చు. గొంతు లోపలి పొర మానడానికి ఆ సమయం పడుతుంది. పాప పడుకోగానే దగ్గడానికి కారణం, ముక్కు వెనకనుంచి స్రావం గొంతులోకి జారడం. పడుకునే ముందు ముక్కులో సెలైన్ చుక్కలు వేసి శుభ్రం చేయండి, ఆ కాసేపు దగ్గు చాలా తగ్గుతుంది. అమ్మమ్మగారు చెప్పిన తేనె మంచి మందే. ఏడాది నిండని పిల్లలకు మాత్రం చుక్క కూడా పెట్టకూడదు, బాట్యులిజం అనే విషప్రభావం ప్రాణం మీదికి తెస్తుంది.

పచ్చ చీమిడి గురించి అందరూ భయపడతారు. మన తెల్లరక్తకణాలు వైరస్‌తో పోరాడటానికి వచ్చినప్పుడు వాటిలోని ఒక ఎంజైము వల్ల ఆ రంగు వస్తుంది. రంగు చూసి యాంటీబయాటిక్ మొదలుపెట్టడానికి లేదు.

మరి ఎప్పుడు ఆలోచించాలి? పది రోజులు దాటినా ముక్కు ఏమాత్రం తేలికపడకపోతే. తగ్గుతున్నట్టే తగ్గి, ఐదారు రోజులకు మళ్ళీ జ్వరం, ముఖం నొప్పి తిరగబెడితే. 102 దాటిన జ్వరంతో చిక్కటి చీము, ముఖంలో నొప్పి మూడు నాలుగు రోజులు వదలకపోతే. ఇవి సైనస్‌లో బ్యాక్టీరియా చేరిందనడానికి గుర్తులు. చెవినొప్పి వచ్చినా చూపించాలి. ఇంకొకటి గుర్తు పెట్టుకోండి: ముక్కు కారకుండా, దగ్గు లేకుండా, ఒక్కసారిగా గొంతు నొప్పి, జ్వరం, టాన్సిల్స్ మీద తెల్లటి మచ్చలు, మెడలో నొప్పి పుట్టే గడ్డలు కనిపిస్తే అది స్ట్రెప్ బ్యాక్టీరియా కావచ్చు. దానికి డాక్టరు రాసిన యాంటీబయాటిక్ పూర్తి కోర్సు వాడాల్సిందే. పిల్లల్లో వదిలేస్తే రుమాటిక్ జ్వరం వచ్చి గుండె కవాటాలు పాడయ్యే ప్రమాదం ఉంది. మన దేశంలో అది ఇంకా పోలేదు.

మామయ్యగారికి షుగర్ ఉంది కాబట్టి ఒక మాట. ముఖంలో ఒకవైపే నొప్పి, తిమ్మిరి, కన్ను వాపు, ముక్కులోంచి నల్లటి స్రావం కనిపిస్తే ఆ రోజే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి. 2021లో బ్లాక్ ఫంగస్ కేసులు చూసినవాళ్ళం ఎవరమూ దీన్ని తేలిగ్గా తీసుకోం.

కోదాడ కుర్రాడు

డాక్టరు గారూ, మీరు చెప్పేది బాగానే ఉంది కానీ నాకు గొంతు పట్టగానే అజిత్రోమైసిన్ 500 మూడు రోజులు వేసుకుంటాను, నాలుగో రోజుకు లేచి డ్యూటీకి పోతాను. ప్రతిసారీ పని చేసింది. వారం సెలవు పెట్టే ఉద్యోగం కాదు నాది. డాక్టరు ఫీజు, టెస్టులు అంటే మాలాంటి వాళ్ళకు అయ్యే పనేనా?

ముక్కు-గొంతు డాక్టర్ (విశాఖ)

మీ ఇబ్బంది నిజమైనదే, సెలవు దొరకని ఉద్యోగాలు ఎంతమందివో నాకు తెలుసు. కానీ ఒకసారి రోజులు లెక్కపెట్టండి. గొంతు పట్టిన రోజున మొదలుపెట్టారు, మూడో రోజు దాకా జలుబు ఎక్కువై, నాలుగో రోజునుంచి తగ్గుముఖం పట్టింది. అది వేసుకోకపోయినా జరిగేది అదే. ఈ మందు వైరస్‌ను ఏమీ చేయలేదు. మధ్యలో మీ కడుపులోని మంచి బ్యాక్టీరియా చచ్చి, మొండివి మిగులుతాయి.

ఆ మందుతో నాకు ఇంకో బాధ ఉంది. మన దగ్గర టైఫాయిడ్‌కు ఒకప్పుడు పనిచేసిన మందులు చాలావరకు మొండికేశాయి. నోటితో వేసుకునేవాటిలో నమ్మకంగా మిగిలిన కొద్దిపాటిలో అజిత్రోమైసిన్ ఒకటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని జాగ్రత్తగా కనిపెట్టి వాడాల్సిన వర్గంలో పెట్టింది. 2023 మార్చిలో ఊరంతా దగ్గుతున్నప్పుడు ఇండియన్ మెడికల్ అసోసియేషన్ కూడా దీని పేరు పెట్టి మరీ, ఇష్టమొచ్చినట్టు వాడి మధ్యలో ఆపేస్తున్నారని హెచ్చరించింది. రేపు మీ పిల్లాడికి టైఫాయిడ్ వస్తే ఆ బిళ్ళ పనిచేయాలి కదా.

మీకు ఖర్చు తక్కువలో అయ్యేది చెప్తాను. గొంతు పట్టిన రోజున గోరువెచ్చని ఉప్పునీళ్ళు పుక్కిలించడం, రాత్రి నొప్పి, జ్వరం ఉంటే పారాసెటమాల్, కడుపునిండా ద్రవాలు, నిద్ర. డ్యూటీకి వెళ్ళక తప్పకపోతే మాస్కు పెట్టుకోండి. ఉచితంగా చూపించుకోవాలంటే మీ దగ్గర బస్తీ దవాఖానానో, పల్లె దవాఖానానో, పీహెచ్‌సీనో ఉంటుంది.

కౌంటర్ వెనక (తెనాలి)

తమ్ముడూ, అట్ట మీద నిలువుగా ఎర్రగీత ఉంటే అది డాక్టరు చీటీ లేకుండా అడగకూడని మందు. యాంటీబయాటిక్ అట్టల మీద ఆ గీత చూసుకోమని 2016లో ప్రభుత్వం ప్రచారం కూడా చేసింది. మేమూ చీటీ లేకుండా ఇవ్వకూడదు. ఇచ్చే షాపులు చాలా ఉన్నాయి, ఆ మాట కాదనను. ఆ పద్ధతి మారాలి.

ఏఎన్ఎం అక్క (పాడేరు ఏజెన్సీ)

నేను రోజూ పసిపిల్లల ఇళ్ళకు తిరుగుతాను కాబట్టి, తల్లులందరికీ చెప్పేది ఇక్కడా రాస్తున్నాను. జలుబు, దగ్గు ఉన్న పిల్లకు ముందు చూడాల్సింది ఊపిరి.

పాప ఏడవకుండా, పాలు తాగకుండా, నెమ్మదిగా ఉన్నప్పుడు చొక్కా పైకి తీసి పొట్ట కదలిక చూడండి. ఫోన్‌లో నిమిషం టైమర్ పెట్టుకుని, పొట్ట పైకి లేచిన ప్రతిసారీ ఒకటి లెక్కపెట్టండి. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేయొద్దు, పిల్లలు ఒక్కో క్షణం ఒక్కో రకంగా ఊపిరి తీస్తారు, నిమిషం నిండా చూడాలి. రెండు నెలల లోపు బిడ్డకు 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ళ లోపు 40. అంతకు చేరినా దాటినా నెమ్ము కావచ్చు, ఆసుపత్రికి తీసుకురావాలి. ఊపిరి తీస్తుంటే డొక్కలెగరేయడం, పక్కటెముకల కింద గుంట పడటం, నెమ్మదిగా ఉన్నప్పుడు కూడా గొంతులో గురగుర శబ్దం, పెదాలు నీలంగా మారడం, పాలు తాగలేకపోవడం, మగతగా పడి ఉండటం, వీటిలో ఏది కనిపించినా లెక్కపెడుతూ కూర్చోవద్దు, 108కి ఫోన్ చేయండి. నోట్లోంచి చొంగ కారుతూ మింగలేకపోతే అప్పుడూ అంతే. రెండు నెలల లోపు బిడ్డకు జ్వరం వస్తే చాలు, వెంటనే చూపించాలి.

ఇంకో విషయం. ఒక ముక్కులోంచే, అదీ దుర్వాసనతో చీమిడి కారుతుంటే జలుబు కాదు, లోపల ఏదో ఇరుక్కుంది. చింతగింజ, శనగ, బొమ్మల్లోని బిళ్ళ బ్యాటరీ. బ్యాటరీ అయితే గంటల్లోనే లోపల కాల్చేస్తుంది. పిన్నీసుతో తియ్యబోవద్దు, లోపలికి పోతుంది.

స్నానం అయ్యాక బిడ్డ ముక్కులో నూనె చుక్కలు వేయడం, సాంబ్రాణి పొగ పట్టడం మన ఇళ్ళల్లో ఇంకా ఉంది. నూనె ఊపిరితిత్తుల్లోకి దిగితే అదో రకం నెమ్ము వస్తుంది. పొగ పసిబిడ్డ శ్వాసకు పడదు. ఈ రెండూ మానేయమని చేతులు పట్టుకుని చెప్తుంటాను.

గోదారి అమ్మమ్మ (రాజోలు)

నూనె సంగతి మా ఊరి నర్సమ్మ కూడా చెప్పింది తల్లీ, మా మునిమనవరాలికి వెయ్యనివ్వలేదు. మరి ఆవిరి పట్టడం, కొబ్బరినూనెలో కర్పూరం వేసి కాచి గుండెలకు రాయడం కూడా తప్పేనా? ఆవిరి పడితే ముక్కు విడుస్తుంది కదా.

ఏఎన్ఎం అక్క (పాడేరు ఏజెన్సీ)

అమ్మమ్మగారూ, పెద్దవాళ్ళు ఆవిరి పట్టుకుంటే కాసేపు హాయిగా ఉంటుంది, నేనూ పట్టుకుంటాను. జలుబును అది ముందే తగ్గించదు, అంతే. చిన్నపిల్లలకు మాత్రం వద్దే వద్దు. దుప్పటి కప్పుకుని మరిగే గిన్నె ముందు కూర్చోబెడితే, పిల్ల కాలు తగిలి గిన్నె తిరగబడుతుంది. తొడలు, పొట్ట కాలిన పిల్లలను బర్న్స్ వార్డుకు పంపిన రోజులున్నాయి. తలుపు వేసి, వేడినీళ్ళ కుళాయి వదిలి, స్నానాల గదిలో పిల్లను ఎత్తుకుని కాసేపు కూర్చుంటే చాలు.

కర్పూరం ఇంకా జాగ్రత్త. చిన్న ముక్క మింగినా పసివాళ్ళకు ఫిట్స్ వస్తాయి. పూజగదిలో కర్పూరం డబ్బా అందకుండా పెట్టండి. రెండేళ్ళలోపు పిల్లలకు కర్పూరం ఉన్న బామ్‌లు కూడా రాయకూడదు. పెద్ద పిల్లలకు రాసినా ముక్కు దగ్గర, మూతి దగ్గర వద్దు.

మీ మిరియాల చారు మాత్రం ఎవరూ ఆపరు.

సెడార్ బాధితుడు (ఆస్టిన్, టెక్సస్)

ఓరుగల్లు సోదరి తుమ్ముల గురించి ఎవరూ చెప్పలేదు. నాది అచ్చం అదే వరస. ఇక్కడ డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మౌంటెన్ సెడార్ చెట్ల పుప్పొడి గాల్లో నిండిపోతుంది. కొత్తగా వచ్చిన మనవాళ్ళకు మొదటి ఒకటి రెండేళ్ళు ఏమీ ఉండదు, తర్వాత పట్టుకుంటుంది. జ్వరం ఉండదు, ఒళ్ళు నొప్పులు పెద్దగా ఉండవు. ముక్కు, కళ్ళు, అంగిలి దురద, నీళ్ళలాంటి స్రావం, వరసగా తుమ్ములు. దురద ఉంటే అలర్జీ, జ్వరం ఉంటే జలుబు అని మా డాక్టరు గుర్తు చెప్పాడు. ప్రతిసారీ పనిచేయకపోవచ్చు కానీ చాలాసార్లు ఉపయోగపడుతుంది.

ఫినైలెఫ్రిన్ గురించి పైన చదివాను. నోటితో మింగే ఫినైలెఫ్రిన్ ముక్కు దిబ్బడను తగ్గించదని 2023 సెప్టెంబరులో ఇక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సలహా కమిటీ ఏకగ్రీవంగా తేల్చింది. 2024 నవంబరులో ఆ మందును ముక్కు దిబ్బడ మాత్రల్లోంచి తీసేయాలని ఎఫ్‌డీఏ ప్రతిపాదించింది. ఇండియా వెళ్ళినప్పుడు చూస్తే అక్కడ ఏ జలుబు బిళ్ళ తీసుకున్నా అందులో అదే.

మెహదీపట్నం మేడ మీద

హైదరాబాద్‌లో మాకు సెడార్ లేదు కానీ ఖాళీ స్థలాల్లో వయ్యారిభామ, డివైడర్ల మీద కోనోకార్పస్ చెట్లు ఉన్నాయి. ప్రభుత్వం మొక్కలు నాటించిన హరితహారంలో పచ్చగా కనిపిస్తుందని నాటారు, పుప్పొడి ఫిర్యాదులు వచ్చాక ఇక నాటొద్దన్నారు. నాటినవి అలాగే ఉన్నాయి. అయితే సోదరి చెప్పింది పొద్దున లేవగానే తుమ్ములు కాబట్టి పరుపులో ఉండే, కంటికి కనిపించని డస్ట్ మైట్స్ పురుగులు కూడా కావచ్చు. దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి బాగా వేడినీళ్ళలో ఉతకండి. గదిలో దోమల చుట్టలు మానేసి దోమతెర కట్టుకోండి. మా అమ్మకు ఈ రెండిటితోనే సగం తగ్గింది.

ఓరుగల్లు కోడలు

ఇంత ఓపిగ్గా రాసిన అందరికీ చేతులెత్తి దండం. ఒక సందేహం. నాకు పోయినేడు ఒక డాక్టరు ముక్కు స్ప్రే రాశారు, ఫ్లూటికాసోన్. స్టెరాయిడ్ అని గూగుల్లో చూసి భయపడ్డాను. రెండు రోజులు కొట్టుకుంటే ఏమీ తగ్గలేదు, పైగా ముక్కులోంచి రక్తం వచ్చింది, ఆపేశాను. ఓట్రివిన్ చుక్కలు వేస్తే మాత్రం నిమిషంలో విడుస్తుంది. అవే వాడుకోవచ్చా?

ముక్కు-గొంతు డాక్టర్ (విశాఖ)

మీరు భయపడాల్సిన మందును నమ్ముతున్నారు, నమ్మాల్సిన దానికి భయపడుతున్నారు. ఆ చుక్కలు ముక్కులో ఉబ్బిన రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తాయి, అందుకే నిమిషంలో గాలి ఆడుతుంది. మూడు రోజులు, మహా అయితే ఐదు రోజులు. ఆ పైన వాడితే మందు ప్రభావం దిగగానే ముక్కు ముందుకంటే ఎక్కువ బిగుస్తుంది, మళ్ళీ చుక్కలు, మళ్ళీ బిగుసుకోవడం. ఏళ్ళ తరబడి జేబులో ఆ సీసా లేకుండా గడప దాటలేని పేషెంట్లు నాకున్నారు. మీ మామయ్యగారికి బీపీ ఉంది కాబట్టి ఆయన డాక్టరును అడగకుండా ఈ చుక్కలు వాడకూడదు.

ఫ్లూటికాసోన్, మొమెటాసోన్ లాంటి స్ప్రేలు ముక్కు లోపలే పనిచేస్తాయి, రక్తంలోకి చేరేది చాలా తక్కువ. రోజూ వాడితే పూర్తి ఫలితానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. రెండు రోజుల్లో తగ్గదు. రక్తం రావడానికి కారణం కొట్టే పద్ధతే అయ్యుంటుంది. ముందు ముక్కు నెమ్మదిగా చీదండి. సీసా ఊపండి. తల వెనక్కి వాల్చొద్దు, కాస్త ముందుకు వంచండి. కుడి ముక్కులో ఎడమచేత్తో, ఎడమ ముక్కులో కుడిచేత్తో కొట్టుకోండి. అప్పుడు మూతి ముక్కు మధ్యగోడ వైపు కాకుండా బయటి వైపు, అదే వైపు చెవి దిక్కుగా తిరుగుతుంది. కొట్టేటప్పుడు గట్టిగా ఎగపీల్చొద్దు, మామూలుగా గాలి పీలిస్తే చాలు. గొంతులో చేదు తగిలితే మందు గొంతులోకి పోయిందని అర్థం.

తుమ్ములు మరీ ఎక్కువైన రోజున సిట్రిజిన్ వేసుకుంటే మత్తు వస్తుంది, బండి నడపొద్దు. ఫెక్సోఫెనడిన్‌తో మత్తు తక్కువ. మాంటెలుకాస్ట్ కలిపిన బిళ్ళలు మన దగ్గర జలుబంటే చాలు రాసేస్తున్నారు. దానివల్ల కొందరిలో నిద్ర చెడటం, పీడకలలు, దిగులు రావచ్చని 2020లో అమెరికాలో గట్టి హెచ్చరిక పెట్టారు. అడగకుండా కొని వాడొద్దు.

యోగా మాస్టారు (తిరుపతి)

జలనేతి, అంటే ఉప్పునీళ్ళతో ముక్కు కడుక్కోవడం గురించి కూడా చెప్పండి డాక్టర్ గారూ. మా దగ్గర చాలామందికి ముక్కు దిబ్బడ తగ్గింది.

ముక్కు-గొంతు డాక్టర్ (విశాఖ)

మంచిదే, నేనూ చెప్తాను, ముఖ్యంగా అలర్జీ వాళ్ళకు. నీళ్ళ విషయంలో మాత్రం రాజీ లేదు. కుళాయి నీళ్ళు, బోరు నీళ్ళు నేరుగా ముక్కులో పోయకూడదు. తాగితే ఏమీ చేయని ఒక అమీబా ముక్కులోంచి పోతే మెదడుకు ఎక్కుతుంది. 2024, 2025లో కేరళలో ఆ జబ్బుతో ఎంత కలవరం రేగిందో చూశాం. నీళ్ళు తెర్లి, కనీసం నిమిషం పాటు మరిగాక దించి, మూతపెట్టి గోరువెచ్చగా చల్లార్చాలి. పెద్ద గ్లాసుడు నీళ్ళకు అర చెంచా ఉప్పు, చిటికెడు వంటసోడా. ఉత్త నీళ్ళయితే మంట పుడుతుంది. నేతి పాత్ర రోజూ కడిగి ఆరబెట్టండి.

భద్రాద్రి టీచర్

మూడు వారాల దగ్గు అని చదివి ఆగలేక రాస్తున్నాను. బీపీ బిళ్ళ అయ్యుండవచ్చు, కానీ రెండు వారాలు దాటిన దగ్గు ఎవరికైనా సరే తెమడ పరీక్ష చేయించాలి. షుగర్ ఉన్నవాళ్ళకు టీబీ వచ్చే అవకాశం ఎక్కువ. మా నాన్నకు ఊళ్ళో ఒక ఆర్‌ఎంపీ నెలల తరబడి సిరప్‌లు, ఇంజెక్షన్లు మారుస్తూ పోయాడు. సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గడం ఎవరూ పట్టించుకోలేదు. చివరికి పీహెచ్‌సీలో ట్రూనాట్ అనే తెమడ పరీక్షలో టీబీ అని బయటపడింది. పరీక్షా, మందులూ అంతా ఉచితం. ఆయన ఇప్పుడు బాగున్నారు. మీ మామయ్యగారికి తెమడ రాకపోయినా డాక్టరు ఎక్స్‌రే తీయిస్తారు. వాయిదా వేయొద్దు.

ఓరుగల్లు కోడలు

అందరికీ అప్‌డేట్. టీచర్ గారి మాట విన్నాక మర్నాడే మామయ్యగారిని తీసుకెళ్ళాను. ఎక్స్‌రే బాగుంది, ఎలాగోలా తెమడ తీయించి పరీక్షకు పంపారు, టీబీ లేదు. డాక్టరు రామిప్రిల్ తీసేసి టెల్మిసార్టాన్ రాశారు. దగ్గు పూర్తిగా పోవడానికి వారాలు పట్టచ్చన్నారు కానీ ఇప్పటికే రాత్రిపూట నిద్ర పడుతోంది. "ఆ బిళ్ళతోనా!" అని మామయ్యగారు ఇప్పటికీ నమ్మలేకపోతున్నారు. తెనాలి అన్నా, మీకు ఆయన ప్రత్యేకంగా చెప్పమన్నారు.

పాపకు సీసాలేవీ మూత తియ్యలేదు. ఊపిరి లెక్కపెట్టాను, 26. సెలైన్ చుక్కలు, తేనె, మిరియాల చారు. తొమ్మిదో రోజుకు ముక్కు తేలికపడింది. దగ్గు ఉంది, పగలు తక్కువే.

చివరిగా ఒక ప్రశ్న: దగ్గు ఉండగా బడికి పంపొచ్చా? ఫ్లూ టీకా వేయించాలా?

ఏఎన్ఎం అక్క (పాడేరు ఏజెన్సీ)

జ్వరం మందు వేయకుండానే ఒక రోజంతా జ్వరం రాకపోతే, తిని ఆడుకుంటుంటే పంపొచ్చమ్మా. మిగిలిన దగ్గు పోయేదాకా ఆపితే ఏడాదిలో సగం రోజులు ఇంట్లోనే ఉండాలి. దగ్గితే మోచేతి మడతలో దగ్గడం, అన్నానికి ముందు సబ్బుతో చేతులు కడగడం నేర్పండి. ముక్కు తుడిచిన గుడ్డ ఇంకొకరికి వాడొద్దు.

ముక్కు-గొంతు డాక్టర్ (విశాఖ)

ఫ్లూ టీకా మామూలు జలుబును ఆపదు, ఇన్‌ఫ్లూయెంజాను మాత్రమే అడ్డుకుంటుంది. వైరస్ మారుతూ ఉంటుంది కాబట్టి ఏటా వేయించుకోవాలి. మన దగ్గర వానాకాలంలో ఒకసారి, చలికాలంలో ఒకసారి ఫ్లూ పెరుగుతుంది, అందుకని వానలకు ముందే వేయించుకోవడం మంచిది. మీ ఇంట్లో ముందు వేయించాల్సింది మామయ్యగారికి. అరవై దాటిన వయసు, పైగా షుగర్. న్యుమోకాకల్ టీకా గురించి కూడా ఆయన డాక్టరును అడగండి. పాపకు పిల్లల డాక్టరు చెప్పినట్టు చేయండి. మొదటిసారి అయితే నెల ఎడంతో రెండు డోసులు ఉంటాయి.